పేరు వద్దన్న గొంతు

డీడెరిక్ వాల్రావెన్ ఫెమ్మీ గొంతు పట్టుకుపోయి దానికి ఇంకో ఆడమనిషి పేరు తగిలించాడు. ఇందులో రెండో మాట లేదు. లుబ్బెర్ట్ దీన్ని ఎవరితోనూ వాదించలేదు. వాన కురిసిందా లేదా అని ఎవరైనా వాదిస్తారా?

ఈ సంగతి లుబ్బెర్ట్‌కి తెలిసింది భార్య ఫెమ్మీ పోయిన మూడో ఏట, కూతురు రూలీ వంటింట్లో. రూలీ మేపెల్‌లో ఉంటుంది. ఆల్టర్‌వేన్‌లో పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక ఊరినీ, రేడియో కూడా వద్దనే చర్చి సంఘాన్నీ వదిలి పట్నం చేరిన పిల్ల. బుధవారం బుధవారం లుబ్బెర్ట్ కాలవ గట్టు వెంట సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, కూతురు పెట్టిన బఠాణీ సూపు తాగి, పొద్దుండగానే తిరిగొచ్చేవాడు. ఆ ఇంట్లో రేడియో రోజంతా వాగుతూనే ఉంటుంది. లుబ్బెర్ట్ ఇంట్లో రేడియో లేదు. తండ్రి ఇంట్లోనూ లేదు, తాత ఇంట్లోనూ లేదు. అందుకని కూతురి ఇంట్లో అది మోగినంతసేపూ పక్కింటి కుక్క మొరిగినట్టే వినీ విననట్టు ఉండేవాడు.

ఆ రోజు రేడియోలో ఎవడో హుషారైన కుర్రాడు చెబుతున్నాడు. ద్రెంకా బృందం తొలినాళ్ళ టేపులు దొరికాయట. యాభై ఏళ్ళ కిందట మన డచ్ కుర్రకారు బల్గేరియా పల్లెపాటలు నేర్చుకుని వాయించిన టేపులు, బృందం పెట్టిన పెద్దాయన పెరట్లో, సామాన్ల పాకలో, పాత గుడారం కింద బయటపడ్డాయట. అన్నీ కలిపి త్వరలో విడుదల చేస్తారట.

"వీటన్నిట్లోకీ తలమానికం ఒక్కటే పాట, ఇన్నాళ్ళూ ఎక్కువగా పెద్దాయన ఉపన్యాసాల్లోనే వినిపించింది," అన్నాడు కుర్రాడు. "ఇది మనవాళ్ళు పాడింది కాదు. బల్గేరియా రొదోపి కొండల్లో స్తానా అనే గొర్రెల కాపరి భార్య మన కుర్రాళ్ళ మైకు ముందు పాడింది. ఇలాంటి గొంతు మన తడి నేలలో మొలవదండీ. చివర్లో చెవిపెట్టి వినండి, కొండమీద మందల గంటలు కూడా వినపడతాయి."

ముందు ఊపిరి వినిపించింది. పాట మొదలవకముందే, మనిషి గుండెలనిండా పీల్చుకున్న ఊపిరి. లుబ్బెర్ట్ చెంచా కింద పెట్టాడు. నలభై ఎనిమిదేళ్ళు పక్కన పడుకున్న మనిషి ఊపిరి అది. తర్వాత గొంతు లేచింది. నోరు పూర్తిగా తెరిచి, ఛాతీలోంచి తోసి, ఒక్కో అక్షరాన్నీ సాగదీసి, ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి మెల్లగా జారుతూ.

రూలీ చేతిలో బంగాళాదుంప అలాగే ఉండిపోయింది. "నాన్నా," అంది. "నాన్నా, ఇది అమ్మ."

పాట అయిపోయింది. ఠంగుమని ఒక చప్పుడు, ఆ వెనకే ఇంకోటి. మందల గంటలు.

"అది నా పాలక్యాను మూత," అన్నాడు లుబ్బెర్ట్. "చెయ్యి జారింది."

అది జరిగింది పెళ్ళయిన కొత్తలో. పక్క పొలంలో ముసలాయన పోయాక ఆ ఇల్లు ఖాళీగా ఉంటే, గ్రోనింగెన్ నుంచి ఆరేడుగురు విద్యార్థులు వచ్చి అద్దెకు దిగారు. అందరికీ భుజాల దాకా జుట్టు. వాళ్ళ దగ్గర పెద్ద డప్పు ఉండేది. గొర్రె చర్మంతో కుట్టిన తిత్తి బూర ఉండేది. బల్గేరియా నుంచి తెచ్చుకున్న రికార్డులు పెట్టుకుని, విన్నదే వింటూ, తప్పుల తడకగా వాయించేవాళ్ళు. పొద్దున్నే డప్పు మొదలైతే లుబ్బెర్ట్ ఆవులు పాలు చేపడం మానేసేవి. వాళ్ళకి నాయకుడు డీడెరిక్. పల్లె బతుకు బతకాలని రెండు మేకల్ని కూడా కొన్నాడు. పాలు పిండటం ఒక్కడికీ రాదు.

రెండు రోజులు ఆ మేకలు పొదుగులు నిండి పగిలేలా ఉండి అరిచాయి. ఫెమ్మీ వినలేకపోయింది. చెక్కబూట్లు వేసుకుని, కంచె దాటి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా కొట్టంలో కూర్చుని పిండింది. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం అదే పని. పిండుతూ కీర్తన పాడేది. ఆల్టర్‌వేన్ సంఘంలో కీర్తన పాడటం వేరే. అక్షరానికొక నిండు ఊపిరి. తొందర లేదు, తాళం లేదు, గొంతు దాచుకోవడం లేదు. పట్నం వాళ్ళు విని ఆవుల మంద అనుకునేవాళ్ళు. లుబ్బెర్ట్ మిలిటరీలో ఉన్నప్పుడు ఆ వెక్కిరింపు చాలాసార్లు విన్నాడు.

డీడెరిక్ ఆ వెక్కిరించే జాతివాడే. కానీ అతని బృందంలోని ఆడపిల్లలు బల్గేరియా పల్లెటూరి గొంతు తెచ్చుకోవాలని ఏడాదిగా అరిచి అరిచి, గొంతులు బొంగురుపోయి, తేనెలు తాగుతున్నారు. తను వెతుకుతున్న గొంతు మేకల కొట్టంలోంచి వినిపించేసరికి పరుగెత్తుకొచ్చాడు. ఒక పాట నేర్పి, పాడించి టేపు చేస్తానన్నాడు.

"ఏముంది అందులో?" అని అడిగింది ఫెమ్మీ.

"ఒకామె ఏట్లో ఉన్ని ఉతుకుతూ తమ్ముడి కోసం చూస్తూ ఉంటుంది."

"వస్తాడా?"

"రాడు."

ఫెమ్మీ రెండో మేకను కూడా పిండింది. తర్వాత "పాడతాను," అంది.

కిందటి చలికాలమే ఆమె తమ్ముడు ఆరెంట్ కాలవ మీద స్కేటింగ్ చేస్తుంటే మంచు విరిగి కిందికి పోయాడు. పదహారేళ్ళవాడు. సంఘంలో ఏడవకూడదని ఎవరూ అనలేదు గానీ, మరీ ఏడిస్తే దేవుడి మీద సణిగినట్టని పెద్దలు చెప్పారు. ఆమె సణగలేదు. అప్పటిదాకా ఎవరి ముందూ కన్నీరు పెట్టలేదు. ఆ కొట్టంలో, అర్థం తెలియని భాషలో, కీర్తన పాడినంత నిదానంగా ఆ పాట పాడి, అప్పుడు ఏడ్చింది. తమ్ముడి సంగతి డీడెరిక్ అడగలేదు. ఆమె చెప్పలేదు. లుబ్బెర్ట్ గుమ్మంలో పాలక్యాన్లు పట్టుకుని నిలబడి విన్నాడు. అతనికి చెప్పక్కర్లేదు.

టేపు ఆపాక ఫెమ్మీ ఒకే షరతు పెట్టింది. "నా పేరు ఎక్కడా రాయొద్దు."

"ఎందుకు? ఇంత బాగా పాడావు!"

"ఊపిరి నాదా ఏంటి? ఇచ్చినవాడిది. దాని మీద నా పేరు రాసుకోవడమేంటి?"

ఆ ఊళ్ళో అది వింత మాట కాదు. ఆల్టర్‌వేన్ శ్మశానంలో సమాధి రాళ్ళ మీద కూడా పేరులో రెండక్షరాలే చెక్కుతారు. పైవాడికి పూర్తి పేరు తెలుసు, మిగతావాళ్ళకెందుకు?

మరుసటి వసంతానికి కుర్రకారు ఇల్లు ఖాళీ చేసి పట్నం పోయారు. మేకల్ని ఫెమ్మీకి వదిలేశారు. తర్వాత ఒకసారి సంతలో డీడెరిక్ కనబడితే ఆమె అడిగింది, ఆ పాట ఒక్కసారి వినొచ్చా అని. ఆమె నోరు తెరిచి ఎవర్నయినా ఏదైనా అడగడం లుబ్బెర్ట్‌కి తెలిసి అదొక్కసారే. "అయ్యో ఫెమ్మీ, చెమ్మ పట్టి టేపు పాడైపోయింది," అన్నాడు డీడెరిక్. ఆమె నమ్మింది. ఇంటికొచ్చి, "పోనీలే, మేకలు మిగిలాయి," అంది.

ఆ పాడైపోయిన టేపుతోనే డీడెరిక్ పెద్దమనిషి అయ్యాడు. రూలీ ఫోనులో వెతికి అంతా చదివి వినిపించింది. స్తానా గొంతు మీద ఉపన్యాసాలు. స్తానాని ఏ గుడిసెలో కలిశాడో, ఆమె ఏం రొట్టె పెట్టిందో, చేతులు ఎంత గరుకుగా ఉన్నాయో.

"చేతులు గరుకే," అన్నాడు లుబ్బెర్ట్. "మేకల్ని పిండితే అంతే. పద."

"ఎక్కడికి?"

"వాడుండే చోటికి."

డీడెరిక్ డేవెంటర్‌లో ఉంటున్నాడు. రూలీ ముందు ఫోన్ చేద్దామంది. చెప్పకుండా ఒకరింటికి వెళ్ళడం మర్యాద కాదంది. "వాడు నా భార్యని అడిగి బల్గేరియా పంపాడా?" అన్నాడు లుబ్బెర్ట్. రూలీ కారు తీసింది.

వీళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంటి కిటికీ నిండా రంగు జెండాల తోరణాలు. డీడెరిక్ డెబ్బై ఐదో పుట్టినరోజు. తలుపు తీసిన అతని భార్య వీళ్ళెవరో కూడా అడగలేదు. "శుభాకాంక్షలు, శుభాకాంక్షలు, రండి," అని కోట్లు లాక్కుంది. గది గోడల వెంట కుర్చీలు గుండ్రంగా వేసి, జనం మోకాళ్ళ మీద కేకు పళ్ళాలు పెట్టుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్ళు ఆ చుట్టంతా తిరిగి అందరి చేతులూ పట్టుకుని, మీ ఆయనకి శుభాకాంక్షలు, మీ అన్నయ్యకి శుభాకాంక్షలు, మీ స్నేహితుడికి శుభాకాంక్షలు అని చెప్పాలి. వరసగా చేతులు లేచాయి. లుబ్బెర్ట్ తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. వెనక రూలీ అలవాటు మానుకోలేక, మొహం ఎర్రబడుతూ, ఒక్కొక్కరికీ శుభాకాంక్షలు చెప్పుకుంటూ వచ్చింది.

చుట్టు చివర డీడెరిక్ కూర్చుని ఉన్నాడు. జుట్టు ఇంకా భుజాల దాకా ఉంది, తెల్లగా.

"స్తానా ఎక్కడుంది?" అన్నాడు లుబ్బెర్ట్.

"ఎవరు... లుబ్బెర్ట్! ఓరి నీ దుంపతెగ, నువ్వా! ఎన్నేళ్ళయింది! కూర్చో, కూర్చో. ఏమేవ్, మా పాత పొరుగాయనకి కేకు పట్రా."

"కేకు నువ్వే తిను. స్తానా ఏ కొండ మీదుందో చెప్పు. ఆ కొండ మీద నా పాలక్యాను మూత ఎలా మోగిందో అది కూడా చెప్పు."

గదిలో చెంచాల చప్పుడు ఆగింది. మూలన కూర్చున్న బట్టతలాయన ఒక్కడే పకపకా నవ్వాడు. అతను యూస్ట్, ఒకప్పుడు బృందంలో తిత్తి బూర ఊదినవాడు. "చెప్పానా డీడెరిక్? ఎప్పటికైనా ఆ మేకలు నిన్ను కుమ్ముతాయని!"

"నువ్వు నోర్మూసుకో యూస్ట్." డీడెరిక్ లేచి నిలబడ్డాడు. "లుబ్బెర్ట్, బయటికి పద, మాట్లాడుకుందాం."

"ఇక్కడే బాగుంది. అందరూ గుండ్రంగా కూర్చున్నారు, సంఘంలోలాగా."

డీడెరిక్ గొంతు తగ్గించాడు. "పేరు వద్దంది ఆమే కదా? నువ్వూ అక్కడే ఉన్నావు. రేడియోవాళ్ళు ఎవరు పాడారని అడిగారు. ఏం చెప్పమంటావు? ఎవరూ కాదు, గాలి పాడిందనా? నోటికొచ్చిన పేరు చెప్పాను. తర్వాత వాళ్ళు ఊరడిగారు, ఊరు చెప్పాను. మొగుడేం చేస్తాడన్నారు. అది అలా అలా పెరిగిపోయింది."

"పేరు వద్దంది. ఇంకొకదాని పేరు పెట్టమనలేదు."

"ఇంకొకరెవరున్నారయ్యా? స్తానా అనే మనిషే లేదు. ఎవరి సొత్తూ ఎవరికీ ఇవ్వలేదు నేను!"

"లేనిదానికిచ్చావు. అది ఇంకా హీనం."

"లుబ్బెర్ట్..."

"టేపు చెమ్మ పట్టిందన్నావు. ఒక్కసారి వింటానని అడిగితే."

డీడెరిక్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. అతని భార్య కేకు పళ్ళెం పట్టుకుని నిలబడిపోయి మొగుడి మొహమే చూస్తోంది. నలభై ఏళ్ళుగా ఆమె కూడా స్తానాని నమ్మినట్టే ఉంది.

అప్పుడు కిటికీ పక్కనుంచి ఒకమ్మాయి లేచింది. పేరు మారిట్. ఈ టేపుల్ని విడుదల చేస్తున్న సంస్థ తరఫు మనిషి. "అంటే, ఆ పాట పాడింది మీ ఆవిడా?" అంది. "ఆల్టర్‌వేన్‌లో? మేకల కొట్టంలోనా?" ఆమె కళ్ళు మెరిశాయి. సంతలో చవగ్గా మంచి పెయ్యని చూసినవాడి కళ్ళలో లుబ్బెర్ట్ ఆ మెరుపు చూశాడు. అతనికది నచ్చలేదు.

రెండు వారాల తర్వాత మారిట్ ఆల్టర్‌వేన్ వచ్చింది. డీడెరిక్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. రూలీ కూడా వచ్చింది. వాళ్ళ ముగ్గురికీ అప్పటికే మాటలు సాగుతున్నాయని లుబ్బెర్ట్‌కి గుమ్మంలోనే అర్థమైంది. కాఫీ పోశాడు. డబ్బా తెరిచి మనిషికొక బిస్కట్ ఇచ్చి మూత పెట్టేశాడు.

"లుబ్బెర్ట్ గారూ, ముందుగా క్షమించండి," అంది మారిట్. "స్తానా పేరు తీసేస్తున్నాం. అది పెద్ద తప్పే. ఇక చట్టం ప్రకారం కూడా, పాడింది మీ ఆవిడని తెలిశాక, మీరు ఒప్పుకుంటేనే ఆ పాట వెయ్యగలం."

"స్తానా పేరు తీసెయ్యండి. చాలు."

"తీసేసి ఫెమ్మీ గారి పేరు పెడతాం."

"వద్దు."

"మరి ఏం పెట్టమంటారు?"

"ఏమీ పెట్టొద్దు. ఖాళీగా వదిలెయ్యండి."

మారిట్ రూలీ వైపు చూసింది. రూలీ బల్ల వైపు చూసింది.

"అలా కుదరదండీ," అంది మారిట్, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "ఇప్పుడంతా కంప్యూటర్లోనే కదా. పాడినవారి పేరు అనే గడి నింపకపోతే పాట ముందుకే పోదు. కావాలంటే 'అజ్ఞాత గాయని' అని పెడతాను."

"అజ్ఞాత అంటే?"

"అంటే... ఎవరో తెలియదని."

"ఆమె నాకు తెలుసు. ఈ ఊరందరికీ తెలుసు. ఇదిగో, వీడికీ తెలుసు. ఆమె తెలియని మనిషి కాదమ్మాయ్, రాయొద్దన్న మనిషి. ఆ రెండిటి తేడాకీ మీ గడిలో చోటు లేకపోతే అది మీ గడి తప్పు."

"నాన్నా," అంది రూలీ. "అమ్మ పేరు అచ్చులో చూడాలని ఉంది నాకు."

"రాయి మీద చూడు."

"రాయి మీద రెండక్షరాలే ఉన్నాయి."

"అవి చాలు."

డీడెరిక్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. "లుబ్బెర్ట్, నేను చేసింది దిద్దుకోవాలనే వచ్చాను. ఫెమ్మీ గురించి నాలుగు పేజీలు రాశాను. రికార్డుతో పాటు వేస్తారు. ముందు విను. విన్నాక నీ ఇష్టం." కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాలు విప్పి, ఉపన్యాసం గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

అందులో ఒక పల్లెటూరి పడుచు ఉంది. నల్లబట్టల సంఘంలో ఊపిరాడక, రోజూ పొద్దుగూకాక మొగుడి కళ్ళుగప్పి కంచె దాటి వచ్చేది. కుర్రకారు వాయించే పాటల్లో ఆమెకి మొదటిసారిగా స్వేచ్ఛ రుచి తెలిసింది. ఒకనాడు పాడుతూ పాడుతూ వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావంటే చెప్పలేదు. కానీ ఆమె కళ్ళు చెప్పాయి: నన్నిక్కడి నుంచి తీసుకుపొండి అని. సంగతి సంఘానికి పొక్కింది. పెద్దలు విచారణ పెట్టారు. ఆ తర్వాత ఆమె మళ్ళీ పాడలేదు.

లుబ్బెర్ట్ చివరిదాకా విన్నాడు. సంఘంలో ప్రసంగం ఎంత చెత్తగా ఉన్నా మధ్యలో లేవకూడదని చిన్నప్పుడు నేర్పారు.

"విచారణ," అన్నాడు. "సంఘపెద్ద వచ్చి నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. పాడావటగా అన్నాడు. పాడాను అంది. అందులో చెడ్డ మాటలున్నాయా అన్నాడు. లేవంది. పేరు వేశారా అన్నాడు. వెయ్యలేదంది. బిస్కట్ తిని వెళ్ళిపోయాడు. ఇదీ విచారణ."

"అంటే, కాస్త..."

"తర్వాత పాడలేదా? చనిపోయే ముందు ఆదివారం కూడా పాడింది. ఆమె గొంతు మా వరసలో పైనుండేది. ఊరంతా వినేది. నువ్వు రాలేదు కాబట్టి పాడలేదా?"

"లుబ్బెర్ట్, రచనలో కొంచెం..."

"కళ్ళుగప్పి వచ్చిందా? నేను గుమ్మంలోనే ఉన్నాను. నా పాలక్యాను నీ టేపులోనే మోగుతోంది, చెవిటి వెధవా! ఆమె నీకోసం రాలేదు, నీ పాటకోసం రాలేదు. నీ మేకలకోసం వచ్చింది! వాటికి పొదుగులు పగిలిపోతుంటే నువ్వు డప్పు కొట్టుకుంటూ కూర్చున్నావు!"

బల్ల మీద చెయ్యి పడ్డ విసురుకి కప్పులు ఎగిరాయి. మారిట్ ఒళ్ళో కాఫీ పడింది. రూలీ గుడ్డ తేవడానికి లేచి మధ్యలోనే ఆగింది. తండ్రి అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"మరి ఏడ్చింది కదా," అన్నాడు డీడెరిక్, కాస్త మొండిగా. "అది నేను కల్పించింది కాదు. ఏడ్చింది. నా కళ్ళతో చూశాను. నీ ముందు ఎప్పుడైనా అలా ఏడ్చిందా? ఎందుకేడ్చిందో నువ్వే చెప్పు, నా రాత కొట్టేసి నీది రాస్తాను."

లుబ్బెర్ట్ నోరు తెరిచాడు. ఆరెంట్ పేరు నాలుక మీదికి వచ్చింది. విరిగిన మంచు, తాడుతో పైకి లాగిన శవం, సంఘంలో ముందు వరసలో బిగుసుకుపోయి కూర్చున్న ఫెమ్మీ, అన్నీ వచ్చాయి. ఒక్క మాట చెబితే చాలు, ఈ నాలుగు పేజీలూ బూడిద. అప్పుడు డీడెరిక్ చేతిలో కలం కనిపించింది. మూత తీసి, రాసుకోవడానికి సిద్ధంగా పట్టుకుని ఉన్నాడు. పక్కన మారిట్, తడిసిన గౌను కూడా మరిచిపోయి ముందుకు వంగింది. ఆ కళ్ళలో మళ్ళీ అదే సంతమెరుపు.

చెబితే ఆరెంట్‌ని కూడా అమ్ముకుంటారు. మంచు కింద పోయిన తమ్ముడు, కొట్టంలో అక్క. నాలుగు పేజీలు ఎనిమిది అవుతాయి.

లుబ్బెర్ట్ నోరు మూసుకున్నాడు. లేచి, డీడెరిక్ ముందున్న సగం తాగిన కప్పు తీసి తొట్టిలో ఒంపేశాడు. "కాఫీ అయిపోయింది," అన్నాడు.

ఆ దేశంలో ఎవరింట్లోనైనా ఆ మాటకి ఒకటే అర్థం: ఇక లేవండని. మారిట్ సంచీ సర్దుకుంది. "లుబ్బెర్ట్ గారూ, తొందరపడొద్దు. ఈ రాత తీసేద్దాం. ఉత్త పేరు మాత్రమే పెడదాం. అంతకంటే నేనేం చెయ్యలేను."

"ఉత్త గడి వదలగలరా?"

"వదల్లేను."

"అయితే పాట తీసెయ్యండి. నేను ఒప్పుకోను."

"తీసెయ్యడమంటే... ఎవరూ వినరు దాన్ని, ఎప్పటికీ. మీక్కూడా..."

"అర్థమైంది. తీసెయ్యండి."

డీడెరిక్ గుమ్మంలో ఆగిపోయాడు. "నువ్వు చేస్తున్నదేంటో తెలుసా? నా జన్మకి మిగిలింది ఆ ఒక్క పాటే. మిగతాదంతా మేం కాపీ కొట్టిన చెత్త. అది తీసేస్తే ఆ రికార్డులో ఏముంది?"

"నీ డప్పుంది," అన్నాడు లుబ్బెర్ట్. "వాయించుకో."

"దేవుడు నిన్ను క్షమించడు లుబ్బెర్ట్."

"ఆయన పని ఆయన చూసుకుంటాడు. నేను మాత్రం నిన్ను క్షమించను. అది నా చేతుల్లో ఉంది."

కారు గట్టు మీదకెక్కి వెళ్ళిపోయింది. రూలీ వెళ్ళలేదు. బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"హాయిగా ఉందా?" అంది చివరికి.

లుబ్బెర్ట్ కప్పులు కడుగుతున్నాడు.

"వాళ్ళు దొంగలే. ఒప్పుకుంటాను. డీడెరిక్‌తో అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పింది నేనే, అది నా తెలివితక్కువ. వాడు అలా వండుతాడనుకోలేదు. కానీ నాన్నా, అమ్మ గొంతు లోకంలో ఎక్కడైనా ఉందంటే ఆ టేపులోనే ఉంది. మనింట్లో ఒక్క ముక్క లేదు. నువ్వు రేడియో కూడా కొననివ్వలేదు. ఇప్పుడు ఉన్న ఆ ఒక్కదాన్నీ తాళం వేయించావు."

"ఆమె మాట నిలబెట్టాను."

"అమ్మ మాటా, నీ పంతమా?"

అతను ఇంకో కప్పు కడిగాడు.

"నాకు వినాలని ఉంది," అంది రూలీ. "నీకు అక్కర్లేదేమో. నాకు కావాలి."

"వినాలని ఉంటే ఆదివారం సంఘానికి రా. అదే పాడే తీరు. అక్కడ ఎవరి పేర్లూ ఉండవు."

"అక్కడ అమ్మ లేదు నాన్నా!"

లుబ్బెర్ట్ కప్పు తుడిచి అలమరలో పెట్టాడు. రెండోది తుడిచాడు. అతని వీపు మీద కూతురి చూపు గుచ్చుకుంటూనే ఉంది.

కాసేపటికి ఆమె కోపం అణుచుకుని, వేరే గొంతుతో అడిగింది. "పోనీ ఒక్కటి చెప్పు. వాడికి చెప్పకపోయావు, బాగానే ఉంది. నాకు చెప్పు. అమ్మ అక్కడ నిజంగా ఏడ్చిందా? ఎందుకేడ్చింది? ఏదో చెప్పబోయి ఆపేశావు, నేను చూశాను. నీకు తెలుసు."

"తెలుసు."

"మరి చెప్పు."

"ఆమె నీకు చెప్పిందా?"

"లేదు."

"మరి నేనెందుకు చెబుతాను?"

"నాన్నా, నేను బయటిదాన్ని కాదు. ఆమె కూతుర్ని."

లుబ్బెర్ట్ తడిగుడ్డను పిండి, దండెం మీద పరిచి, అంచులు సరిచేశాడు. అప్పుడు మాత్రమే వెనక్కి తిరిగాడు.

"విను రూలీ. ఆ పాట సంగతి, ఆ కొట్టం సంగతి, ఆ డీడెరిక్ సంగతి, ఈ ఇంట్లో ఎత్తడం ఇదే ఆఖరు. నువ్వడిగినా, నీ పిల్లలడిగినా, సంఘపెద్ద వచ్చి ఆ కుర్చీలో కూర్చుని అడిగినా, నేను పోయే ఘడియలో అడిగినా, నా నోట రాదు. బుధవారం వస్తాను. సూపు పెడితే తాగుతాను. దీని గురించి మాత్రం ఇక మాట్లాడను."